ఇంటి పాతసామానుతో పనికివచ్చు వస్తువులు చేసికొను విధము

వ్యవసాయదారుని యింట ప్రతి పంటకాలము చివరను కొంత పాతసామాను మిగులుచుండును. ఖాళీయైన ఎరువుసంచులు, చిరిగిన గోనెలు, పాత చీరెలు, పంచెలు, పిల్లలు వ్రాసి విడిచిన పుస్తకములు, నూనెడబ్బాలు, అరటిబోదెలు మొదలగునవి యట్టివి. వీనిలో సగము పెరటిమూల చేరును. మఱికొంత పొయ్యిలో పడును. ఆ దినములలోనే ఆ యింటివారు తట్టలు, చాటలు, త్రాళ్లు, పఱపులు సంతలో రొక్కమిచ్చి కొని తెచ్చుకొనుచుందురు. ఇట్లు పోవు రొక్కము ఒక్కొక్కసారి స్వల్పముగా గానవచ్చినను ఏడాది పొడుగున లెక్క వ్రాసి చూచిన రైతుకు ఆశ్చర్యము కలుగకమానదు.

విశాఖపట్టణము చుట్టుపట్ల నున్న గ్రామములలో ఈ వ్యత్యాసము మఱింత యెక్కువ. 1933 సంవత్సరమున రేవు తెఱవబడినది. 1992 సంవత్సరమున ఉక్కు కర్మాగారము జాతి కంకితము చేయబడినది. పట్టణము పెరిగినకొలది చౌకవస్తువులు పల్లె ముంగిటికి వచ్చినవి. వానితో పాటు తాతలు ఎఱిగిన చేతిపనులు ఇండ్లలో సన్నగిల్లినవి. ప్లాస్టిక్కు తట్ట చౌకయే గాని విరిగిన పిదప దానికి గతి లేదు. కాగితపు తట్ట విరిగినచో మరల నానవేసి క్రొత్త తట్ట చేసికొనవచ్చును.

కాగితపు గుజ్జు తట్టలు

మన పెద్దలు చేయుచుండిన పనులలో నిది మిక్కిలి చౌకయైనది. పాత కాగితములను చిన్న ముక్కలుగా చింపి, కుండలో వేసి మునుగునట్లు నీరు పోసి మూడు దినములు నాననీయవలెను. దినమున కొకమారు నీరు మార్చినచో దుర్వాసన పుట్టదు. నిగనిగలాడు రంగు అట్టలను వేయరాదు. వానికి సున్నపుపొడియో, మెత్తని మట్టియో పూతగా నుండుటచే సరిగా నానవు. గుచ్చిన తీగముక్కలను, ప్లాస్టిక్కు పొరలను ముందుగనే తీసివేయవలెను.

నానిన కాగితమును పిండి రోటిలో వేసి మెత్తగా దంచవలెను. కాగితమనునది చెట్లయొక్కయు గడ్డియొక్కయు నారయే. నానవేసి దంచుటచే ఆ నారపోగులు విడిపోయి, ఆరునపుడు ఒకదానితో నొకటి పెనవైచుకొని గట్టిపడును. కావున దంచుటలో బద్ధకించినవాని తట్ట పొరలుగా ఊడిపోవును. కిలో కాగితమునకు పెద్ద గుప్పెడు మెంతులు చొప్పున రాత్రి నానవేసి, మఱునాడు రుబ్బి గుజ్జులో కలుపవలెను. మెంతులలోని జిగురు నారపోగులను పట్టియుంచును. గుజ్జును పిడికిట బిగించి చూచినపుడు ముద్ద చీలకుండ నిలిచినచో పాకము కుదిరినట్లు.

జిగురు చాలనియెడల చింతపిక్కల జిగురు చేర్చవచ్చును. పిక్కలను వేయించి, ఎఱ్ఱని పైపొట్టు రాలగొట్టి, లోని పప్పును పొడిచేయవలెను. ఆ పొడిని మొదట చన్నీటితో ఉండలు లేకుండ కలిపి, పిదప సన్నని సెగపై అరగంటసేపు కలియబెట్టుచు ఉడికింపవలెను. వేడినీటిలో ఒక్కమారుగా పొడి చల్లినచో ఉండలు కట్టి వ్యర్థమగును. బట్టల నేతలోను గోనెల నేతలోను పడుగుకు గంజిగా వాడుక చేయబడు పదార్థ మిదియే. పుస్తకములకు అట్టలు కట్టువారు పురుగు పట్టకుండుటకై తమ జిగురులో మైలుతుత్తము కలుపుటయు కలదు. అది విషము. ఇంటి సామానుకు దానిని ఎంతమాత్రమును కలుపరాదు.

అచ్చునకు ఇంటిలోని కుండయో, బిందెయో చాలును. దానిని బోరగించి, తడిబట్ట కప్పి, అడుగునుండి అంచువఱకు గుజ్జును అర అంగుళము మందమున అదిమి పెట్టవలెను. అంచు దగ్గర మందము కొంచెము హెచ్చుగా నుండుట మంచిది; తట్టలు మొదట అచ్చటనే విరుగును. మొదటి దినము నీడను ఆరబెట్టి, మఱునాటినుండి ఎండలో నుంచవలెను. ఆరంభముననే గట్టి యెండ తగిలినచో పైపొర ముందుగా ముడుచుకొని, లోపలి తడి మిగిలి, పగుళ్లు వచ్చును. సముద్రతీర గ్రామములలో గాలి చెమ్మగా నుండుటచే ఆశ్వయుజ, కార్తికములలో ఈ పని తలపెట్టుట వృథాశ్రమ. మాఘమునుండి వైశాఖమువఱకు అనుకూలమైన కాలము. ఆరిన తట్టను అచ్చునుండి తీసి, అంచుచుట్టు పాతబట్ట పేలికను చింతపిక్కల జిగురుతో అంటించినచో రెట్టింపు కాలము మన్నును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. అచ్చుకాగితముల సిరాలో దేహమునకు హానికరములగు పదార్థము లుండవచ్చును. వార్తాపత్రికలలో తినుబండారములను చుట్టరాదని భారత ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ 2016 సంవత్సరముననే తెలియజేసినది. కావున ఈ తట్టలలో వండిన అన్నము గాని, నూనెవస్తువులు గాని, తడి పదార్థములు గాని ఉంచరాదు. ప్రత్తి, దారపుకండెలు, ఎండిన పిడకలు, పొట్టుతో నున్న వేరుసెనగ వంటివానికి ఇవి మిక్కిలి అనుకూలము. వెదురుచాటల సందులను ఈ గుజ్జుతో అలుకు నలవాటు మన యిండ్లలో కలదు. చాటకు మాత్రము అచ్చులేని తెల్లకాగితమునే వాడవలెను.

బొంతలు

పాత చీరెలతో బొంత కుట్టుట అందఱికిని తెలిసినదే. అయినను పలువురు రెండు తప్పులు చేయుచున్నారు. మొదటిది, చివికిన బట్టను పైపొరగా వేయుట. గట్టి బట్టను పైనను క్రిందను వేసి, చివికినదానిని నడుమ పేర్చవలెను. రెండవది, కుట్లు దూరదూరముగా వేయుట. వరుసకును వరుసకును రెండు వ్రేళ్ల వెడల్పు మించరాదు. మించినచో ఉదికిన మొదటిసారియే లోని పొరలు ఒకచోట ముద్దగా చేరును. కుట్టుటకు పూర్వము బట్టలన్నిటిని వేడినీట ఉడికించి, ఉదికి, ఎండబెట్టవలెను. ముడుచుకొను బట్ట అప్పుడే ముడుచుకొనును గాన పిదప బొంత వంకరపోదు. నూలు, పట్టు, నైలాను కలిపి కుట్టరాదు. వంగదేశమున ఇట్టి పాతబట్టల కుట్టుపనియే కాంథా యను పేర నేడు హెచ్చు వెలకు అమ్ముడగుచున్నది. మన బొంత కట్టి వెల రాకున్నను, చలికాలమున పిల్లలకును ముసలివారికిని కప్పుటకు దానిని మించినది లేదు.

నారపనులు

ఉత్తరాంధ్ర జిల్లాలు గోగునారకు ప్రసిద్ధములు. ఆముదాలవలసలోని వ్యవసాయ పరిశోధనా స్థానము ఈ పంటమీద పనిచేయుచున్నది. అమ్ముటకై పెంపకున్నను, చేనిగట్టున రెండు సాళ్లు గోగు వేసికొన్న రైతు పలుపుత్రాళ్లకు సంతమీద ఆధారపడ నక్కఱలేదు. సగము మొక్కలు పూతకు వచ్చినపుడు కోసి, ఆకు రాలనిచ్చి, కట్టలుగట్టి నీట ముంచవలెను. ఇంచుమించు రెండు వారములలో నార ఊడివచ్చును. పండ్రెండవనాటినుండి దినమున కొక కాడను ఒలిచి చూచుచుండవలెను; ఆలస్యమైనచో నార కుళ్లి బలము చెడును. గోగు కుళ్లు నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చును గావున త్రాగునీటి చెఱువులో గాని, చేపల చెఱువులో గాని నానవేయరాదు.

గెల కోసిన పిదప అరటిబోదెను తోటలోనే పడవేయుట వాడుక. దాని పట్టలను మొద్దుకత్తితో గీకి, మెత్తని కండ తీసివేసి నీడను ఆరబెట్టిన నార పూలదండలకును, ఆకుకూరల కట్టలకును సరిపోవును. గీకగా వచ్చిన కండ పేడతో కలిపి ఎరువుగుంటలో వేయదగినది.

సంచులు

ధాన్యపు గోనెను మరల వాడుటకు ముందు తిరగవేసి, దులిపి, మరుగునీట పావుగంట ముంచి, గట్టియెండలో పూర్తిగా ఆరబెట్టవలెను. కుట్లలో దాగిన ముక్కపురుగులే మఱుసటి యేటి విత్తనమును చెఱచును. శుభ్రము చేయని పాత గోనెలో క్రొత్త విత్తనము పోయుట పొదుపు గాదు, నష్టమునకు మార్గము.

యూరియా సంచుల సంగతి వేఱు. 2018 సంవత్సరమునుండి ఇవి 45 కిలోల పరిమాణమున వచ్చుచున్నవి. వీనిని ఎంత కడిగినను తిండిగింజలకు గాని, పశువుల దాణాకు గాని వాడరాదు. యూరియా నాకిన పశువు కడుపుబ్బి, వణకి, కొన్ని గంటలలోనే చచ్చుటకు వీలున్నది. కడిగిన నీటిని పశువులు త్రాగు తొట్టి దరికి పోనీయక చెట్ల మొదళ్లలో పోయవలెను. నారుమొక్కలు పెంచుటకు, పశువులపాక తెరలకు, పిడకలు మోయుటకు ఈ సంచులు పనికివచ్చును. ఎండలో విడిచినచో కొన్ని నెలలలోనే పొడియై నేలలో కలియును. అట్టి ముక్కలను మేతతో పాటు పశువులు మ్రింగు ప్రమాదము కలదు. కావున పోగులు రాలుట మొదలైన సంచిని చేలో నుంచరాదు.

పురుగుమందుల డబ్బాలు

పాతసామానులో నిది యొక్కటియే ఎట్టి పనికిని పనికిరానిది. మూత బిగువుగా నుండుటచే నూనెకు, మంచినీటికి, ఉప్పునకు ఈ డబ్బాలను వాడు ఇండ్లు నేటికిని కలవు. గోడ లోనికి ఇంకిన మందు ఎన్నిమారులు కడిగినను, బూడిదతో తోమినను పోదు. 2013 జూలై 16వ తేదీన బీహారు రాష్ట్రమున సారణ్ జిల్లాలో నొక గ్రామ పాఠశాలయందు మధ్యాహ్నభోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు ఉన్నట్లు పరీక్షలలో తేలినది. మందుడబ్బా ఇంటి వంటసామానుతో చేరుట ఎంతటి అనర్థమో ఇంతకంటె చెప్ప నక్కఱలేదు.

డబ్బా ఖాళీయైన వెంటనే మూడుమారులు నీటితో కడిగి, ఆ నీటిని చల్లు యంత్రములోనే పోసి పైరుకు చల్లవలెను. పిదప మరల ఎవ్వరును వాడకుండునట్లు డబ్బాకు తూట్లు పొడిచి నలుగగొట్టవలెను. ఖాళీ డబ్బాలను విఱుగగొట్టి నివాసస్థలములకు దూరముగా పాతిపెట్టవలెనని 1971 నాటి కీటకనాశినుల నియమములు విధించినవి. కాల్చరాదు, పొగయు విషమే. పాతసామాను కొనువానికి అమ్మరాదు. అది మఱియొకరి వంటింటికి చేరును.

రంగులు, అమ్మకము

చేసిన వస్తువులకు రంగు వేయదలచినచో అంగడి రంగులకంటె నాటు రంగులు మేలు. వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక గ్రామమున అంకుడు కఱ్ఱతో లక్కబొమ్మలు చేయువారు పసుపు, జాఫ్రా గింజలు, నీలి మొదలగువాని రంగులను వాడుక చేసిరి. ఆ బొమ్మలకు 2017 సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ రంగుల పద్ధతిని వృద్ధిచేసిన సి. వి. రాజుగారికి 2023 సంవత్సరమున పద్మశ్రీ యీయబడినది. పిల్లలు నోట బెట్టుకొను వస్తువులకు ఇట్టి రంగులే తగినవి. జాఫ్రా గింజలను గోరువెచ్చని నూనెలో నుంచినచో రంగు తేలికగా దిగును.

ఒకే తడవ వాడి పారవేయు ప్లాస్టిక్కు వస్తువులలో కొన్ని 2022 జూలై 1వ తేదీనుండి దేశమంతట నిషేధింపబడినవి. పలుచని ప్లాస్టిక్కు సంచులకును నిషేధము కలదు. కావున విశాఖపట్టణపు రైతుబజార్లకు కూరలు తీసికొనిపోవు రైతులు, పాత పంచెలతో కుట్టిన చేతిసంచులను గంపతో పాటు ఉంచుకొనుట లాభకరము. మూరెడు పొడుగు, ముప్పాతిక మూర వెడల్పు గల సంచిలో నాలుగైదు కిలోల కూరలు పట్టును. పిడులను అంచునకు మాత్రమే కుట్టినచో బరువునకు ఊడిపోవును. సంచి అడుగువఱకు దింపి రెండు వరుసలు కుట్టవలెను.