వారానికి ఒక కళ – చూడటం నేర్చుకుందాం

కళలు అరవై నాలుగు అని మన పెద్దలు లెక్క చెప్పారు. పరీక్షలో అడిగితే ఆ అంకె మనం టక్కున రాస్తాం. వాటిలో మన ఊరి చుట్టుపక్కల ఉన్నవి ఏవి అని అడిగితే మాత్రం చాలామందిమి తల గోక్కుంటాం. హీరోల పేర్లు, సినిమాలు విడుదలైన తేదీలు అయితే నిద్రలో లేపి అడిగినా చెబుతాం. సినిమా చూడటం తప్పని మేము అనడం లేదు. మేమూ చూస్తాం, ఈలలూ వేస్తాం. చూసిన దాని గురించి ఆలోచించడం కూడా చదువులో భాగమేనని చెప్పడానికే ఈ వ్యాసం.

మా హాస్టల్ గోడపత్రికలో వారానికి ఒక కళ గురించి రాసుకుంటూ వచ్చాము. వాటిలోని ముఖ్యమైన సంగతులను తోటి విద్యార్థుల కోసం ఇక్కడ ఒకచోట చేర్చి ఇస్తున్నాము.

మొదటి వారం: తప్పెటగుళ్ళు

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల సొంత కళ ఇది. ఎక్కువగా యాదవ సోదరులు ఆడతారు. పదిహేను, ఇరవై మంది కలిసి గుండెల మీద గుండ్రని రేకు తప్పెట కట్టుకుంటారు. కాళ్ళకు గజ్జెలు ఉంటాయి. రెండు చేతులతో తప్పెట వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ గుండ్రంగా తిరుగుతారు. వానలు పడాలని, పశువులు చల్లగా ఉండాలని గంగమ్మను కొలుస్తారు. చెంచులక్ష్మి, సారంగధర వంటి కథలు కూడా ఆడతారు. పాట, వాద్యం, నృత్యం మూడూ ఒకే మనిషి ఒకేసారి చేయాలి. ఊపిరి మీద ఎంత అదుపు ఉండాలో ఆలోచించండి. పీఈటీ పీరియడులో గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు పరుగెత్తి, ఆగకుండా ఒక పద్యం చదివి చూస్తే ఆ కష్టం మనకు అర్థమవుతుంది.

రెండవ వారం: జముకుల కథ

జముకు అంటే చిన్న బిందెలాంటి వాద్యం. ఒకవైపు తోలు మూసి ఉంటుంది, దానికి తీగ కట్టి ఉంటుంది. తీగను బిగించి మీటితే మనిషి గొంతులాగే ఎక్కుతూ దిగుతూ పలుకుతుంది. ప్రధాన కథకుడు కథ చెబుతుంటే, పక్కనున్న వంతలు అందుకుంటారు. ఎల్లమ్మ కథ ఇందులో పేరు పొందినది. ఈ కథ నడిచేది మన ఇళ్ళలో మాట్లాడే యాసలోనే. ఇదే యాస సినిమాల్లో ఎవరి నోట వినిపిస్తుంది? తరచుగా పనివాడి నోటనో, నవ్వించే పాత్ర నోటనో. దేవత కథ చెప్పడానికి సరిపోయిన భాష నవ్వులాటకు మాత్రమే ఎందుకు పనికివచ్చిందో మనం అడగాలి.

మూడవ వారం: డప్పు

మనలో చాలామంది ఇళ్ళలో డప్పు ఉంది. ఆ మాట బడిలో చెప్పడానికి సిగ్గుపడేవాళ్ళమూ ఉన్నాం. జాతర డప్పు లేకుండా కదలదు, చివరి ప్రయాణం కూడా డప్పు లేకుండా సాగదు. అయినా వాయించినవాడు పందిరి బయటే నిలబడేవాడు. తోలును మంట దగ్గర కాచి శ్రుతి చేయడం, రెండు పుల్లలతో రకరకాల దరువులు పలికించడం ఒక విద్య. ప్రభుత్వం కూడా డప్పు కళాకారులను పెన్షన్ల జాబితాలో చేర్చింది. ఆ పెన్షన్ 2024 జూలైలో నెలకు 4,000 రూపాయలు అయింది. 2023 మార్చిలో ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ వచ్చినపుడు మనమంతా చప్పట్లు కొట్టాం. ఆ పాటలోని ఊపు పల్లెటూరి దరువులకు చుట్టమే. దూరాన ఉన్న వేదిక మీద గర్వంగా అనిపించింది మన వీధిలో సిగ్గుగా ఎందుకు అనిపించాలి?

నాలుగవ వారం: విజయనగరం సంగీతం

మన జిల్లా కేంద్రంలో 1919లో మహారాజా సంగీత కళాశాల ప్రారంభమైంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945) దానికి మొదటి ప్రిన్సిపాల్. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు తరువాత ఆ పదవిలో ఉన్నారు. ఘంటసాల, పి. సుశీల చదివింది ఇక్కడే. విజయనగరంలో పుట్టిన సుశీల గారి పేరు పాటల సంఖ్యకు 2016లో గిన్నిస్ పుస్తకంలో ఎక్కింది.

ఘంటసాల గారు చదువుకునే రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. అంతటి గాయకుడికి అంతటి ఆకలి. అయితే ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లో అలా ఒకరి గుమ్మంలో నిలబడి చదువు కోసం అన్నం అడిగే వీలు కూడా మన తాతముత్తాతలకు లేదు. ఈ రోజు మనం కంచం ముందు కూర్చుని చదువుకుంటున్నామంటే దాని విలువ చిన్నది కాదు.

అయిదవ వారం: నాటకం

గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. 1955లో సినిమాగా వచ్చింది. ముక్కుపచ్చలారని ఆడపిల్లలను ముసలివారికి అమ్మే దురాచారాన్ని ఈ నాటకం ఎండగట్టింది. గురజాడ దానిని జనం మాట్లాడుకునే భాషలో రాశారు. పండితులు కాదన్న భాష రంగస్థలం మీద గెలిచింది. యాస గురించి పైన మనం వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. భాషకు గౌరవం దానితో చేసిన పని వల్ల వస్తుంది.

ఆరవ వారం: పాట ఎవరిది?

పార్వతీపురం దగ్గర పెదబొండపల్లికి చెందిన వంగపండు ప్రసాదరావు గారు (1943–2020) విశాఖ షిప్‌యార్డులో పని చేశారు. కార్మికుల మీద, రైతుల మీద పాటలు కట్టి, కాళ్ళకు గజ్జె కట్టి ఊరూరా ఆడి పాడారు. ఆయన పాట ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ జనంలో ఎంతగా కలిసిపోయిందంటే, అది ఎవరూ రాయని జానపదమని చాలామంది అనుకున్నారు. 2009లో ‘మగధీర’ సినిమా పాటలో ఆ మాటలు వచ్చినపుడు, తనను అడగకుండా వాడారని ఆయన అభ్యంతరం చెప్పారు.

ఇందులో మనకు ఒక పాఠం ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత జీవితకాలం, ఆ తరువాత మరో 60 ఏళ్ళు ఉంటుంది. 2020లో కన్నుమూసిన వంగపండు గారి పాటల మీద హక్కు 2080 చివరి దాకా నిలుస్తుంది. తరతరాలుగా వస్తున్న తప్పెటగుళ్ళ పాటకు మాత్రం ఫలానా రచయిత అని పేరు లేదు. కనుక చట్టం దానిని ఇలా కాపాడలేదు. ఎవరు పాడగా విన్నామో, ఏ ఊరిలో విన్నామో రాసిపెట్టుకోవలసిన బాధ్యత మనదే.

ఇక మీదట

సినిమా, పాట, నాటకం, జాతర, ఏది చూసినా మూడు ప్రశ్నలు వేసుకుందాం. దీనిని తయారు చేసినది ఎవరు? పేరు, డబ్బు ఎవరికి దక్కాయి? మనలాంటి వాళ్ళను ఇందులో ఎలా చూపించారు?

దసరా తరువాత మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమాను చూడటానికి మనలో చాలామంది వెళతాం. ఈసారి బొమ్మలు, జీళ్ళు కొనుక్కోవడంతో ఆగకుండా అక్కడి కళాకారుల దగ్గర పది నిమిషాలు నిలబడదాం. మీదే ఊరు బాబాయ్, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని అడుగుదాం. సెలవులకు ఇంటికి వెళ్ళినపుడు తాతను, అమ్మమ్మను కూర్చోబెట్టి ఒక పాట పాడించి నోటుబుక్కులో రాసుకుందాం. వారు వెళ్ళిపోయాక ఆ పాట ఏ గ్రంథాలయంలోనూ దొరకదు.

మన భోగాపురం రోజురోజుకూ మారుతోంది. 2023లో విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. రోడ్లు, భవనాలు, ఉద్యోగాలు రావాలి, మనమూ అందులో ముందుండాలి. ఆ మార్పులో మన దరువు, మన మాట చెరిగిపోకుండా చూసుకోవడం కూడా చదువుకున్న మన పనే. రాబోయే తరగతుల తమ్ముళ్ళూ, గోడపత్రికలో ఏడవ వారం ఖాళీగా ఉంచాము. అది మీరు రాయవలసినది.