చిన్న కానోపీకి ఎప్పుడు మారాలి?

సమస్య

మాది అండమాన్‌లోని బాంబూఫ్లాట్. నాన్న కుర్రతనంలో శ్రీకాకుళం జిల్లా నుంచి చేపల వేటకొచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను రోజూ ఫెర్రీలో చాథం దిగి పోర్ట్ బ్లెయిర్‌లో చదువుకున్నాను. ఇప్పుడు దుబాయ్‌లో ఉద్యోగం. స్కైడైవింగ్ అక్కడే నేర్చుకున్నాను. ‘బి’ లైసెన్సు ఉంది. జంపులు 120 దాటాయి. నా బరువు 72 కిలోలు, పారాచూట్ రిగ్గు, హెల్మెట్టు, బట్టలతో కలిపి 84. ఇప్పుడు అద్దెకు తీసుకునేది 190 చదరపు అడుగుల కానోపీ, అంటే పారాచూట్ గుడ్డ.

నాతో దూకే స్నేహితుడొకరు తన రిగ్ మొత్తం అమ్మేస్తున్నారు. అందులో ఉన్నది 150 అడుగుల ఎలిప్టికల్ (దీర్ఘవృత్తాకార) కానోపీ. ధర కొత్తదానిలో సగం కూడా లేదు. “బాగానే దిగుతున్నావు కదా, ఇంకెన్నాళ్లు ఈ పెద్ద గుడ్డ కింద వేలాడతావు?” అంటున్నారు. గాలి గట్టిగా ఉన్న రోజు 190 కింద ముందుకు కదల్లేక ఇబ్బంది పడ్డ మాట నిజమే. గాలి లేని రోజేమో నిలబడి దిగలేక ఒక్కోసారి మోకాళ్ల మీద పడుతున్నాను.

రెండు నెలల సెలవు మీద ఇంటికొచ్చాను. తిరిగి వెళ్లేలోపు ఆయనకు ఏదో ఒకటి చెప్పాలి. అమ్మతో అంటే, “గుడ్డ పెద్దదైతేనే కదరా మంచిది?” అంది. అప్పటికి నవ్వేశాను కానీ ఆ మాట తొలుస్తోంది. మారే సమయం వచ్చిందని ఎలా తెలుసుకోవాలి?

— ఒక పాఠకుడు, బాంబూఫ్లాట్

సలహా

తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను: ఆ రిగ్ కొనొద్దు. అమ్మ అడిగింది సరైన ప్రశ్న.

లెక్క చూద్దాం. దూకేటప్పటి మొత్తం బరువును పౌండ్లలో తీసుకుని, కానోపీ చదరపు అడుగులతో భాగిస్తే వచ్చేదే వింగ్ లోడింగ్. నీ 84 కిలోలు సుమారు 185 పౌండ్లు. 190 కింద అది 0.97, 170 కింద 1.09, 150 కింద 1.23. కానోపీల రూపకర్త, శిక్షకుడు బ్రయాన్ జెర్మెయిన్ ఒక హద్దు చెప్పాడు: 100 జంపులకు 1.1, 200కు 1.2, అలా వందకో 0.1. ఆ హద్దు ప్రకారం చూసినా 150 దగ్గరికి రావడానికి నీకింకా వంద జంపుల పైమాటే. పైగా అది దాటకూడని గీత మాత్రమే. అక్కడిదాకా వెళ్లి తీరాలని కాదు.

190 నుంచి 150కి దిగితే వేగం దాదాపు 12 శాతం పెరుగుతుంది. వినడానికి అది చిన్నమాటే. కానీ నేలను తాకేటప్పుడు నీ కాళ్లూ నడుమూ తట్టుకోవాల్సిన శక్తి 27 శాతం పెరుగుతుంది. దుబాయ్ ఎండకు గాలి పల్చబడితే వేగం ఇంకాస్త ఎక్కువవుతుంది. కానోపీ చిన్నదైతే తాళ్లూ పొట్టివవుతాయి. టాగిల్ (నడిపే పిడి) అంతే లాగినా అది గిర్రున తిరుగుతుంది, తిరిగేలోపు ఎక్కువ ఎత్తు పోతుంది. ఎలిప్టికల్ కావడం మరో సంగతి. తెరుచుకునేటప్పుడు తాళ్లు మెలిపడితే, దీర్ఘచతురస్రాకార కానోపీ కంటే అది తొందరగా సుడి తిరగడం మొదలుపెడుతుంది. సైజూ ఆకారమూ రెండూ ఒకేసారి మార్చకూడదని అందుకే అంటారు.

రిగ్ చవగ్గా వస్తోందన్నావు. 150కి కుట్టిన కంటైనర్ సంచిలో 190 పట్టదు. భయమేసి వెనక్కి వెళ్దామన్నా దారి ఉండదు. అందులోని రిజర్వ్ పారాచూట్ కూడా చిన్నదే ఉంటుంది. ఎప్పుడైనా స్పృహ తప్పి, ఆటోమేటిక్ పరికరం తెరిచిన రిజర్వ్ కింద దిగాల్సి వస్తే, ఆ రోజు టాగిల్స్ లాగి వేగం తగ్గించేవాళ్లు, అంటే ఫ్లేర్ చేసేవాళ్లుండరు. రిగ్ ఎవరిదైనా, కొనేముందు మొదట అడగాల్సింది రిజర్వ్ సైజు.

నువ్వు చెప్పిన రెండు ఇబ్బందులకూ చిన్న కానోపీ మందు కాదు. 190 ముందుకు కదలనంత గాలి ఉంటే ఆ రోజు విమానం ఎక్కకుండా కిందే ఉండాలి. గాలి లేనప్పుడు మోకాళ్ల మీద పడుతున్నావంటే ఫ్లేర్ సమయం ఇంకా కుదరలేదన్నమాట. పెద్ద కానోపీ ఆ తప్పును క్షమిస్తోంది. వేగంగా వచ్చే చిన్నది క్షమించదు.

ఇక అసలు ప్రశ్న. అమెరికన్ స్కైడైవర్ బిల్ వాన్ నోవాక్ రాసిన జాబితా ఒకటి ఉంది. కానోపీ సైజు తగ్గించేముందు, ఇప్పుడున్న కానోపీ మీద ఏమేం చేయగలగాలో అందులో ఉంది. 50 అడుగుల ఎత్తులో 90 డిగ్రీల ఫ్లాట్ టర్న్ తీసుకోగలగాలి. ఫ్లేర్ మధ్యలోనూ దిశ మార్చగలగాలి. పక్కగాలిలో, గాలి లేనప్పుడు, కొంచెం వాలుగా ఉన్న నేల మీద సాఫీగా దిగగలగాలి. గురిపెట్టిన చోట పది మీటర్ల వలయంలో, ఎప్పుడో ఒకసారి కాకుండా ప్రతిసారీ దిగగలగాలి. టాగిల్స్ బదులు వెనక రైజర్ పట్టీలతోనూ దిగగలగాలి.

వీటిలో ప్రాణం నిలబెట్టేది ఫ్లాట్ టర్న్. నేల దగ్గర పడ్డాక ఎదురుగా కంచో మనిషో కనబడితే, కంగారులో చెయ్యి ఒక టాగిల్‌ను కిందికి గుంజేస్తుంది. కానోపీ పక్కకు ఒరిగి ముక్కు దించి నేలకు కొడుతుంది. స్కైడైవింగ్‌లో చాలా ప్రాణాలు పోతున్నది ఇలాగే, చక్కగా తెరుచుకున్న పారాచూట్ కిందే. దీనికి విరుగుడు ఇది: రెండు టాగిల్స్‌నూ సగం దాకా లాగి పట్టుకోవాలి. కుడికి తిరగాలంటే ఎడమది కొంచెం పైకి వదలాలి. కానోపీ పెద్దగా ఒరగకుండా, ఎత్తు పెద్దగా పోకుండా తిరుగుతుంది. ముందు 2,000 అడుగుల పైన అలవాటు చేసుకుని, కోచ్ చూస్తుండగా అంచెలంచెలుగా కిందికి తేవాలి. ఆలోచించకుండానే చేతులకు అది రావాలి.

మీ నాన్నగారు వేటకెళ్లే మనిషి. సముద్రం నిద్రపోతున్న రోజు డింగీని సూటిగా నడిపిన కుర్రాడికి ఆయన చుక్కాని అప్పగించి ఉండరు. నీటి ఈడ్పు పక్క నుంచి తోసేటప్పుడు జెట్టీకి తాకకుండా ఆనించిన రోజే అప్పగించి ఉంటారు. కానోపీకీ అదే కొలత. మంచిరోజు దిగినవి ఎన్నైనా, వాటినిబట్టి సిద్ధమయ్యావని చెప్పలేం.

సెలవు తర్వాత మొదటి జంపులు 190తోనే, కోచ్‌కు చెప్పి చెయ్యి. రెండు నెలల విరామం చేతులను మందగింపజేస్తుంది. కానోపీ కోర్సు ఒకటి చెయ్యి. ఫ్రీఫాల్ మీద ధ్యాస పెట్టకుండా, 5,000 అడుగుల దగ్గర దూకి వెంటనే తెరిచి, కానోపీ నడపడమే సాధన చేసే జంపులు కొన్ని పెట్టుకో. ప్రతి ల్యాండింగ్‌నూ వీడియో తీయించి, కోచ్ పక్కన కూర్చుని చూడు. జాబితా మొత్తం పూర్తయ్యాక 170కి మారు, అదీ ఇదే రకం ఆకారంలో, ముందు అద్దెకు తీసుకుని. అక్కడ మళ్లీ జాబితా మొదటి నుంచి. 150 మాట ఆ తర్వాత.

మారే సమయం వచ్చిందో లేదో చెప్పాల్సింది నీ ల్యాండింగులు చూసిన కోచ్. రిగ్ అమ్ముకునే స్నేహితుడు ఎంత మంచివాడైనా ఆ మాట ఆయన చెప్పకూడదు. ఈ రోజే ఫోన్ చేసి, మరొకరిని చూసుకోమని ఆయనకు చెప్పెయ్యి. ఆ డబ్బు కోచింగ్‌కు పెట్టు.