మానిటర్ లేని సర్వర్‌లో తనంతట తానే లేచే డెస్క్‌టాప్



మానిటర్ ఉన్నంతసేపూ బుద్ధిగా పనిచేసిన సర్వర్, దాన్ని తీసేసి రీబూట్ చేయగానే మొండికేసిందని రాశావు. పింగ్ చేస్తే పలుకుతోంది, దూరం నుంచి తెర చూపే వీఎన్‌సీతో వెళ్తే మాత్రం కనెక్షన్ దొరకడం లేదు. ఇందులో వింతేమీ లేదు. లినక్స్ నేర్చుకునేవాళ్లలో చాలామంది ఏదో ఒక రోజు ఇక్కడే ఆగిపోతారు, తప్పంతా వీఎన్‌సీ మీదకు తోసేస్తారు. చిక్కు అసలు వేరే చోట ఉంది. డెస్క్‌టాప్‌ను పంచుకునే సాఫ్ట్‌వేర్‌లో చాలాభాగం, ఎదురుగా ఒక మనిషి లాగిన్ అయి కూర్చున్నాడన్న నమ్మకం మీద రాసింది. నీ సర్వర్ ముందు మనిషీ లేడు, తెరా లేదు.

దానికంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: సర్వర్‌కు డెస్క్‌టాప్ నిజంగా కావాలా? ఫైళ్లు మార్చాలన్నా, సర్వీసులు ఆపి నడపాలన్నా, లాగ్‌లు చదవాలన్నా దూరం నుంచి కమాండ్లు నడిపే ఎస్ఎస్‌హెచ్ చాలు. నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల దొంగతనం జరిగాక, 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో తాతు ఇలోనెన్ దాన్ని రాశాడు. ఎఫ్‌టీపీ వాడే 21కీ, టెల్నెట్ వాడే 23కీ మధ్య ఖాళీగా ఉన్న 22వ నంబరు పోర్ట్ అడిగి తీసుకున్నాడు. కిటికీలు తెరుచుకుంటే తప్ప కదలని ప్రోగ్రాము ఏదైనా ఉంటేనే డెస్క్‌టాప్ జోలికి వెళ్లాలి. లేకపోతే మెమరీ దండగ.

సరే, కావాలనే అనుకుందాం. మొదటి అడ్డంకి గ్రాఫిక్స్ కార్డు దగ్గర మొదలవుతుంది. మెషీన్ లేవగానే అది మానిటర్‌ను పలకరిస్తుంది. నీ పేరేమిటి, ఏ కొలతల తెర చూపగలవు అని అడుగుతుంది. మానిటర్ ఇచ్చే జవాబు ఈడీఐడీ అనే, కనీసం 128 బైట్ల చిన్న పట్టిక. జవాబిచ్చేవాళ్లు లేకపోతే కొన్ని కార్డులు అసలు తెరే తయారుచేయవు, కొన్ని మరీ చిన్న కొలతతో సరిపెట్టేస్తాయి. పాత రాస్‌ప్‌బెర్రీ పైలలో కాన్ఫిగ్ ఫైల్లో హెచ్‌డీఎంఐ ఫోర్స్ హాట్‌ప్లగ్ అనే విలువను 1 చేస్తే, మానిటర్ ఉన్నట్టే నడిచేవి. పీసీలకు డమ్మీ ప్లగ్ అని చిన్న ముక్క దొరుకుతుంది. హెచ్‌డీఎంఐ సాకెట్‌లో గుచ్చితే కార్డుకు మానిటర్‌లా జవాబు చెబుతుంది. ఇది తెర గొడవను తీరుస్తుంది. లాగిన్ గొడవ అలాగే ఉంటుంది.

రెండో గొడవ మరీ తమాషాగా ఉంటుంది. ఉబుంటులో చాలా ఏళ్లపాటు వీనో అనే ప్రోగ్రాము తెరను పంచేది. అది యూజర్ లాగిన్ అయ్యాకే లేచేది. బూట్ కాగానే దాన్ని నడపమనడం పెళ్లికొడుకు రాకముందే తాళి కట్టించమన్నట్టు. దీనికి అందరూ కనిపెట్టే ఉపాయం ఆటోమేటిక్ లాగిన్. అది పెట్టాక సెషన్ తెరుచుకుంటుంది, వీనో కూడా లేస్తుంది. కానీ వీనో పాస్‌వర్డ్, పాస్‌వర్డ్‌లు దాచే కీరింగ్‌లో ఉంటుంది. కీరింగ్ తాళం తెరిచేది లాగిన్‌లో మనిషి కొట్టే పాస్‌వర్డ్. ఆటోమేటిక్ లాగిన్‌లో ఎవరూ ఏమీ కొట్టరు కాబట్టి తాళం అలాగే ఉంటుంది. అప్పుడు సిస్టమ్ ఏం చేస్తుంది? పాస్‌వర్డ్ ఇవ్వండి అంటూ తెర మీద ఒక పెట్టె చూపిస్తుంది. ఆ తెర ఎవరికీ కనబడదు. కనబడాలంటే వీఎన్‌సీ కలవాలి, వీఎన్‌సీ కలవాలంటే ఆ పెట్టెలో పాస్‌వర్డ్ కొట్టాలి. చాలామంది కీరింగ్ పాస్‌వర్డ్‌ను ఖాళీగా పెట్టి బయటపడ్డారు. పని జరుగుతుంది, కానీ కీరింగ్‌లో దాచినవన్నీ తాళం లేకుండా పడి ఉంటాయి. సర్వర్‌లో అలా చేయకూడదు.

దారి వేరే ఉంది. ఉన్న తెరను పంచడం ఒక పని, లేని తెరను పుట్టించడం ఇంకో పని. నీకు కావలసింది రెండోది, అది వీఎన్‌సీ కుటుంబంలోనే ఉంది. వీఎన్‌సీ ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో, ఆలివెట్టి పరిశోధనశాలలో పుట్టింది. తర్వాత ఆ పరిశోధనశాల ఏటీ అండ్ టీ చేతికి వెళ్లింది, 2002లో మూతపడింది. అప్పటికే సోర్స్ కోడ్ బయటికి వచ్చేసింది గనుక టైట్‌వీఎన్‌సీ, టైగర్‌వీఎన్‌సీ లాంటివి ఆ వేరు నుంచే మొలిచాయి. వీటిలో ఎక్స్‌వీఎన్‌సీ అనే భాగం రెండు పాత్రలు వేస్తుంది. డెస్క్‌టాప్ వైపు నుంచి చూస్తే అదొక తెర. నెట్‌వర్క్ వైపు నుంచి చూస్తే వీఎన్‌సీ సర్వర్. గ్రాఫిక్స్ కార్డుతో దానికి పనిలేదు, తెరంతా మెమరీలోనే గీస్తుంది. కాబట్టి ఈడీఐడీ గొడవ లేదు, డమ్మీ ప్లగ్ అక్కర్లేదు. ఒక్కో తెరకు ఒక్కో నంబరు ఉంటుంది. 5900కు ఆ నంబరు కలిపితే పోర్ట్ వస్తుంది: ఒకటో తెరకు 5901, రెండో తెరకు 5902.

ఇక ఎక్స్‌వీఎన్‌సీని బూట్‌లో లేపే బాధ్యత, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీది. 2011లో ఫెడోరా 15తో మొదలై, 2015లో డెబియన్ 8కీ ఉబుంటు 15.04కీ చేరింది. అంతకుముందు ఆర్‌సీ లోకల్ ఫైల్లో ఒక వరుస రాసి దండం పెట్టుకునేవాళ్లు. ప్రోగ్రాము మధ్యలో చస్తే మళ్లీ లేపే దిక్కుండేది కాదు. ఇప్పుడు టైగర్‌వీఎన్‌సీ ప్యాకేజీతో పాటే సర్వీస్ ఫైలు వస్తుంది. యూజర్ల ఫైల్లో ఒకటో తెర ఫలానా యూజర్‌ది అని ఒక వరుస రాసి, ఆ తెర నంబరుతో సర్వీసును ఎనేబుల్ చేస్తే చాలు. స్టార్ట్ అంటే ఇప్పుడు నడపడం, ఎనేబుల్ అంటే ప్రతి బూట్‌కూ నడపడం. స్టార్ట్ చేసి, పనిచేస్తోందని సంబరపడి, ఎనేబుల్ మరిచిపోయేవాళ్లకు కొదవలేదు.

సర్వీసును సొంతంగా రాస్తే ఒక జాగ్రత్త. బూట్ చేరుకునే దశను సిస్టమ్‌డీ టార్గెట్ అంటుంది. దాన్ని గ్రాఫికల్ టార్గెట్‌కు తగిలించకు, మల్టీ యూజర్ టార్గెట్‌కు తగిలించు. చాలా సర్వర్లు మల్టీ యూజర్ దగ్గరే ఆగిపోతాయి. గ్రాఫికల్ వరకు వెళ్లని మెషీన్‌లో, గ్రాఫికల్ కోసం ఎదురుచూసే సర్వీసు ఎన్నటికీ లేవదు.

కనెక్షన్ కుదిరి, బూడిద రంగు తెర మాత్రమే కనిపిస్తే కంగారు పడకు. తెర పుట్టింది, డెస్క్‌టాప్ పుట్టలేదు, అంతే. తెర పుట్టగానే ఏం నడపాలో చెప్పే ఎక్స్‌స్టార్టప్ ఫైలుకు నడిచే అనుమతి ఉందో లేదో చూడు. అందులో ఎక్స్ఎఫ్‌సీఈ లాంటి తేలికపాటి డెస్క్‌టాప్‌ను పిలువు. గ్నోమ్ డెస్క్‌టాప్ మాత్రం భారీ మనిషి. తెర నల్లగా ఉంటే, అదే యూజర్ పేరుతో మరో గ్రాఫికల్ సెషన్ తెరిచి ఉందేమో చూడు. జర్నల్‌సీటీఎల్‌తో సర్వీసు లాగ్ చదవకుండా ఏ ఫైలునూ మార్చకు.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. వీఎన్‌సీ పాత పద్ధతి పాస్‌వర్డ్‌లో మొదటి 8 అక్షరాలనే లెక్కలోకి తీసుకుంటుంది. నువ్వు 20 కొట్టినా అంతే. కాబట్టి 5901ను ఇంటర్నెట్‌కు తెరవనే కూడదు. సర్వర్‌ను లోకల్‌హోస్ట్‌కే కట్టేసి, ఎస్ఎస్‌హెచ్ సొరంగం గుండా వెళ్లు. విండోస్ వాళ్ల రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతి ఆర్‌డీపీ కూడా ఇందుకు మినహాయింపు కాదు. 2019లో బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు, మద్దతు ఎప్పుడో ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇవ్వాల్సివచ్చింది.

పాత సలహాలు చదివేటప్పుడు తేదీ చూసుకో. ఎక్స్11వీఎన్‌సీ గురించి రాసినవన్నీ ఎక్స్ అనే పాత తెర వ్యవస్థ కాలం నాటివి, దాని స్థానంలో వస్తున్న వేలాండ్ సెషన్లలో అవి నడవవు. రాస్‌ప్‌బెర్రీ పై 2023లో బుక్‌వార్మ్ వెర్షన్‌తో వేలాండ్‌కు మారడం మొదలుపెట్టి, వేవీఎన్‌సీని తెచ్చుకుంది. గ్నోమ్ కూడా 2024 మార్చిలో వచ్చిన 46వ వెర్షన్‌లో, ఎవరూ లాగిన్ కాకపోయినా ఆర్‌డీపీతో లోపలికి వెళ్లే రిమోట్ లాగిన్ ఇచ్చింది. ఉబుంటు 24.04లో అది సెట్టింగ్స్‌లోనే కనిపిస్తుంది. గ్నోమే కావాలంటే ఇప్పుడు ఇదే మేలు. తక్కువ మెమరీ ఉన్న పాత మెషీన్‌కు టైగర్‌వీఎన్‌సీ, ఎక్స్ఎఫ్‌సీఈ జంటే నయం.

చివరిగా, మానిటర్‌ను ఒకసారి మళ్లీ తగిలించి, బయాస్‌లోకి వెళ్లి, కరెంటు పోయి వచ్చాక మెషీన్ తనంతట తాను లేచేలా సెట్టింగ్ మార్చు. అది మార్చకపోతే కరెంటు వచ్చినా సర్వర్ పడుకునే ఉంటుంది, పైన చెప్పినవేవీ అక్కరకు రావు. ఎస్ఎస్‌హెచ్ కూడా బూట్‌లో లేస్తోందో లేదో చూసుకో. డెస్క్‌టాప్ పడిపోయిన రోజున లోపలికి వెళ్లే దారి అదే. తర్వాత మానిటర్ తీసేసి, ఎస్ఎస్‌హెచ్ నుంచి సర్వర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసి, ప్లగ్ దగ్గర స్విచ్ ఆపి మళ్లీ వెయ్యి. సొరంగం గుండా 5901 పలికితే సరే. పలకకపోతే ఆ బూట్ తాలూకు లాగ్ మొత్తం జతచేసి ఉత్తరం రాయి.