పని ఒడంబడిక – సాక్షి సంతకము

మన గ్రామములలో పని ఒప్పందము కాగితముమీద కంటె నోటిమాటమీదనే ఎక్కువగా నడచుచున్నది. దినకూలిలో చిక్కు తక్కువ. ప్రొద్దుగ్రుంకునప్పటికి లెక్క తీరును. గుత్తపనిలో దినములకు గాక పనికి వెల కట్టుదురు. ఎకరమునకింతయని వరినాట్లకు జట్టును కుదుర్చుకొనుట యిట్టిదే. జట్టులో పంపకమెట్లో ముందే తేల్చుకొననిచో తగవు పంచాయతీ గడప ఎక్కును.

మేము విశేషించి చెప్పదలచినది అడ్వాన్సు పుచ్చుకొని చేయు పనిని గూర్చి. ఏడాది పాలేరుతనమునకు గాని, ఇటుకబట్టీ పనికి గాని కుటుంబము ముందుగా సొమ్ము తీసికొనును. తీసికొనుట నేరము కాదు. ఆ బాకీ తీరువరకు వేరొకచోటికి పోరాదనియు, తండ్రి అప్పునకు కొడుకు చాకిరి చేయవలెననియు కట్టడి చేసినచో అది వెట్టి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము అట్టి ఒడంబడికను చెల్లకుండ జేసినది. ఆ అప్పును సైతము రద్దుపరచినది. వెట్టి చేయించినవారికి మూడేండ్లవరకు ఖైదును, జరిమానాయు కలవు. ‘వాడే వ్రేలిముద్ర వేసినాడు గదా’ యను వాదము నిలువదు. కనీస వేతనమునకు తక్కువ యిచ్చి చేయించుకొను పనియు రాజ్యాంగము 23వ అధికరణమున నిషేధించిన నిర్బంధశ్రమయేయని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

కావున సభ్యులు సాక్షి సంతకము చేయుటకు ముందు కాగితమును పనివానికి చదివి వినిపింపవలెను. అడ్వాన్సు ఎంత? నెలకెంత మినహాయింతురు? పని యెప్పుడు మానవచ్చును? మూడవదానికి జవాబు లేనిచో సంతకము చేయకుడు. వెట్టిలో చిక్కిన కుటుంబము మీ యెదుటికి వచ్చినచో రాజీ కుదుర్ప బూనకుడు. రాజీలో అప్పు తగ్గును గాని వెట్టి పోదు. వెంటనే జిల్లా కలెక్టరునకు వ్రాసి తెలియజేయుడు.