సన్న తూనీగల ఛాయాచిత్రములు – వాని పరిష్కరణము

తూనీగను ఎఱుగని బాలుడు మన గ్రామములలో లేడు. దాని తోకకు దారము కట్టి ఆడనివారును అరుదే. కాని గంపలగూడెము చెంత కట్టలేరు ఒడ్డునను, చెఱువు తూములయొద్దను, వరిమళ్ల గట్లమీదను గడ్డిపోచను అంటిపెట్టుకొని యుండు సన్న తూనీగను నిలిచి చూచినవారు కొలదిమందియే. దానిని చిత్రమున పట్టుట యెట్లో, పట్టిన చిత్రమును పరిష్కరించుట యెట్లో ఈ వ్యాసమున తెలుపుదుము.

తూనీగలలో ముఖ్యముగ రెండు తెగలు మనకు కనబడును. పెద్ద తూనీగ వ్రాలినపుడు ఱెక్కలను ఇరుప్రక్కలకు చాచి యుంచును. దాని కన్నులు తఱచుగ తలమీద ఒండొంటిని తాకుచుండును. సన్న తూనీగ సామాన్యముగ ఱెక్కలను వీపుమీద ముడుచుకొనును. దాని కన్నులు తలకు ఇరుకొనల ఎడముగ నుండును; ఒడలు సూదివలె సన్నము. రెండు తెగల పిల్లలును నీటిలోనే పెరుగును. మన ప్రాంతములలో విరివిగ నుండు పసుపుపచ్చని సన్న తూనీగకు సెరియాగ్రియాన్ కోరమాండెలియానమ్ అని శాస్త్రనామము. డెన్మార్కు దేశీయుడగు ఫాబ్రీషియస్ 1798లో దీనిని వర్ణించెను. ఆ పేరిలోని కోరమాండలము మన తూర్పుతీరమే. పిమ్మట ఫ్రేజరు అను వైద్యోద్యోగి భారతదేశపు తూనీగలనుగూర్చి 1933 మొదలు 1936 వఱకు మూడు సంపుటములు ప్రకటించెను. చచ్చిన తూనీగ రంగులు శీఘ్రముగ మాసిపోవును గనుక, బ్రతికియున్నదాని రంగును నిలుపు ఛాయాచిత్రమునకు శాస్త్రమున గొప్ప ప్రయోజనము కలదు.

వస్తువు నిజపరిమాణముననే సెన్సారుపై పడునట్లు తీసిన చిత్రమును మాక్రో ఫొటో యందురు. ఇంత దగ్గఱకు పోయినపుడు రెండు చిక్కులు కలుగును. మొదటిది, స్పష్టత యొక్క లోతు తఱుగుట. 36 మిల్లీమీటరుల వెడల్పు సెన్సారుగల కెమెరాలో ఎఫ్-8 రంధ్రముతో తీసినను, స్పష్టముగ నుండునది సుమారు 1 మిల్లీమీటరు మందమే. తూనీగ తల వెడల్పే అంతకంటె హెచ్చు. రెండవది, వెలుతురు నాల్గవ వంతునకు తగ్గుట. ఎఫ్-8 అచట ఎఫ్-16 వలె పనిచేయును. రంధ్రమును ఇంకను చిన్నది చేసినచో లోతు పెరుగును గాని, కాంతి అంచులయొద్ద వంగి చెదరుటచే చిత్రమంతయు మసకబారును.

కావున ఉపాయమును పురుగు నిలిచిన తీరునుండియే గ్రహింపవలెను. కెమెరాను దాని ఒడలికి సమాంతరముగ పట్టినయెడల కంటినుండి తోకకొనవఱకు ఒకే మట్టమున నిలుచును. తెల్లవాఱుజామున చలికి ఒడలు వేడెక్కక అది కదలదు. గాలియు తక్కువగ నుండును. దగ్గఱకు పోగానే అది కాడ చాటునకు తిరిగి, ఇరుప్రక్కల కన్నులుమాత్రము అగుపించునట్లు దాగును. తొందరపడక నిలిచినవారికి మరల ఈవలకు వచ్చును. కాడయు పురుగును కదలనిచో, స్పష్టతను వెండ్రుకవాసి చొప్పున ముందునకు జరుపుచు పలు చిత్రములు తీసి, కంప్యూటరున ఒక్కటిగ కలుపవచ్చును. పురుగును మంచుపెట్టెలో ఉంచి మొద్దుబార్చి తీయుట క్రూరకార్యము, అది విడువదగినది.

ఇక పరిష్కరణము. తాళపత్రగ్రంథమును పరిష్కరించు పండితుడు లేఖకుని తప్పులను దిద్దునే గాని తన పద్యములను చేర్చడు. మనకును అదియే నియమము. కెమెరావలన కలిగిన దోషమును దిద్దవలెను. పురుగున నున్నదానిని ముట్టరాదు.

మొదట మూలచిత్రమును భద్రపఱచి నకలుమీదనే పనిచేయవలెను. వరిచేని పచ్చదనము పురుగుపై ప్రతిఫలించును గనుక, అదే వెలుతురున తెల్లకాగితమునుగూడ చిత్రించి, దానినిబట్టి రంగును సరిచూడవలెను. చీకటిభాగములందలి నలుసులవంటి రవ్వలను అణచుటలో అతి చేసినచో కాళ్లమీది సన్నని ముండ్లు మాయమగును. అంచులకు మితిమీఱి పదును పెట్టినచో ఒడలిచుట్టు తెల్లని గీత యేర్పడును. అంచులు కత్తిరించునపుడు తోకకొనను పోనీయరాదు. అచటి చిన్న పట్టుకొఱ్ఱుల ఆకారమునుబట్టియే పెక్కు జాతులు గుర్తింపబడును.

ఈ నియమమును మీఱినచో వచ్చు నష్టమునకు రెండు నిదర్శనములు చూపుదుము. అగ్రియాక్నెమిస్ పిగ్మియా అను మిక్కిలి చిన్న సన్న తూనీగలో ఆడుది లేతవయసున ఎఱ్ఱగ నుండి, ముదిరినపిదప ఆకుపచ్చనగును. సొగసునకై రంగు మార్చినవాడు దాని వయసునే మార్చినవాడగును. మఱియు కొన్ని తూనీగల రొమ్ముక్రింద ఆవగింజలకంటె చిన్నవగు ఎఱ్ఱని గుండ్రని చుక్కలు కనబడును. అవి దుమ్ము కావు. తూనీగ నీటినుండి వెలువడునపుడు దానినంటి, రసము పీల్చి బ్రతుకు నీటినల్లి పిల్లలు. మచ్చలని తలచి వానిని తుడిచివేసినచో, ఒక జీవి మఱియొక జీవిపై బ్రతికిన వృత్తాంతమే చెఱిగిపోవును.

కడపట చిత్రముతోపాటు తేది, వేళ, స్థలము వ్రాసి ఉంచుడు. చేతిఫోనుకు చిన్న కటకము తగిలించి తీసినదైనను, నిజము చెప్పు చిత్రము శాస్త్రజ్ఞునకు పనికివచ్చును. విద్యార్థులారా, మన ఊరి గట్టుమీది పురుగుకు మనమే సాక్షులము. సాక్షి చూచినదానినే చెప్పవలెను.