సంఖ్యలను సవరించడం – ఒక్క అంకె చూస్తే చాలు

తమ్ముళ్లారా! మీరుంటున్న ఈ హాస్టల్లోనే అయిదేళ్లు ఉండి చదువుకున్నాను. ఇప్పుడు ఎం.ఎస్సీ. చేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనొక్కడినే. ఈ సంచికకు ఏదైనా పాఠం రాయమంటే, ఎనిమిదో తరగతిలో నలుగురి ముందు నేను తప్పు చెప్పిన లెక్కే గుర్తొచ్చింది.

ముందు పద్ధతి చూద్దాం. ఒక సంఖ్యకు బదులు దానికి దగ్గరలో ఉన్న సులువైన సంఖ్యను తీసుకోవడాన్ని సవరించడం అంటాం. స్టోర్ రూములో 247 కిలోల బియ్యం ఉన్నాయనుకోండి. పదులకు సవరించాలంటే పదుల స్థానానికి కుడిపక్కనున్న అంకె చూడాలి. అది 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే పదుల అంకెకు 1 కలపాలి. 5 కంటే తక్కువైతే ఉన్నదాన్ని అలాగే ఉంచాలి. కుడివైపు అంకెల చోట సున్నలు పెట్టాలి. ఇక్కడ 7 ఉంది కాబట్టి 250. వందలకైతే పదుల స్థానంలోని 4ను చూస్తాం, జవాబు 200. "ఇందాక 250 వచ్చింది కదన్నా, 300 కాదా?" అని అడుగుతారేమో. 247 నుంచి 200కు దూరం 47, 300కు 53. ఏది దగ్గరో మీరే చూడండి.

పెంచాల్సిన చోట 9 ఉంటే కంగారుపడొద్దు. 3,968ని వందలకు సవరిస్తే 9 కాస్తా 10 అయి, వెయ్యికి ఒకటి చేరి 4,000 అవుతుంది.

దశాంశాలకూ ఇదే సూత్రం. కాకపోతే బిందువు తర్వాత అక్కర్లేని అంకెలను వదిలేస్తాం, వాటి చోట సున్నలు పెట్టం. 8.374ను రెండు దశాంశ స్థానాలకు సవరిస్తే 8.37, ఒక స్థానానికి 8.4, పూర్ణాంకానికి 8. 4.97ను ఒక స్థానానికి సవరిస్తే మాత్రం 5.0 అనే రాయాలి. ఆ సున్న తీసేస్తే ఎంతవరకు సవరించామో తెలియదు. పరీక్షలో మార్కు పోయేది ఇక్కడే.

ఇక నా సంగతి. ఆ ఏడు మా నాన్న కౌలు చేలో పండిన పత్తి కాంటా మీద 1,246 కిలోలు తూగింది, అంటే 12.46 క్వింటాళ్లు. ధర క్వింటాలుకు 4,000. షావుకారు "సుమారు పన్నెండు" అని చిట్టీ మీద రాశాడు. నాన్నకు చదువు రాదు. నేను ముందుకెళ్లి, "12.46 అంటే 12.5, 12.5 అంటే 13. పదమూడు రాయాలి" అన్నాను. షావుకారు నవ్వి, "పాయింటు పక్కన నాలుగుంటే కిందికే కదరా! ఏం చదువుతున్నావు?" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నాన్న తలొంచుకున్నాడు.

హాస్టల్‌కు వచ్చాక లెక్కల సారుకు చెప్పాను. నా తప్పు ఏమిటంటే రెండుసార్లు సవరించడం. ఎప్పుడైనా అసలు సంఖ్య నుంచే, ఒక్కసారే సవరించాలి. పూర్ణాంకానికి సవరించేటప్పుడు 4 ఒక్కటే చూడాలి, 6తో పని లేదు. సవరించడం వరకు షావుకారు చెప్పిందే సరి. "మరి డబ్బు లెక్కలో సవరించమని ఎవరన్నారు?" అని సారు అడిగారు. కిలో 40 రూపాయల చొప్పున 1,246 కిలోలకు 49,840 రావాలి. మాకు ముట్టింది 48,000. అంటే 1,840 రూపాయలు పోయాయి. అప్పట్లో అది మాకు చిన్న మొత్తం కాదు. అంచనాకు సవరించవచ్చు గానీ, కాంటాలో తూగినదానికి ఉన్నదున్నట్టే లెక్క కట్టాలి. మరుసటి ఏడు నాన్న చిట్టీ మీద కిలోలే రాయించాడు.

రేపు మీరు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టేటప్పుడూ ఇది గుర్తుంచుకోండి. 59.99 శాతాన్ని 60గా తీసుకోబోమని బ్యాంకు నోటిఫికేషన్లలో రాసి ఉంటుంది.

ఈ రెండూ చేసి చూడండి: 6,449ని వేలకు, 7.448ని పూర్ణాంకానికి సవరించండి. మొదటిదానికి 6,000, రెండోదానికి 7 రావాలి. 7,000, 8 వచ్చినవాళ్లు ఆ రోజు నేను చేసిందే చేశారు.