ఎండిన మూలికలు – విదేశ ప్రయాణ నియమాలు

విదేశంలో ఉన్న కుమార్తెకు పురుడు పోయడానికి తల్లి విమానమెక్కుతుంది. పెట్టెలో శొంఠి, వాము, పిప్పళ్లు, ధనియాలు, కరివేపాకు ఉంటాయి. మనుమనికి నిర్మల్ కొయ్యబొమ్మ కూడా ఉంటుంది. దేవరుప్పుల పరిసర గ్రామాలలో సైతం ఇది నేడు సామాన్య విషయమే. అక్కడి విమానాశ్రయంలో పెట్టె తెరిపించినప్పుడు "ఇవి ఎండిన దినుసులే కదా" అని నొచ్చుకునేవారు అనేకులు. ఆ తనిఖీకి గల కారణాన్ని ప్రయాణానికి ముందే తెలుసుకొనుట మేలు.

ఎండినంత మాత్రాన నిర్జీవమా?

ఔషధ ద్రవ్యాలను పురుగు పట్టనివిగా ఎంచి సేకరించవలెనని, తేమ, పొగ, దుమ్ము, ఎలుకలు చేరని చోట భద్రపరచవలెనని చరకసంహిత కల్పస్థానం బోధిస్తున్నది. ద్రవ్యం ఎండినా దోషం చేరగలదని పూర్వులు ఎరుగుదురు. ఎండిన గింజ తడి తగిలితే మొలకెత్తగలదు. వేరులోను, బెరడులోను కీటకాల గుడ్లు దాగి ఉండగలవు. నిల్వ ధాన్యాన్ని తినే ఖాప్రా అనే పెంకుపురుగు పిల్లదశలో తిండి లేకుండానే సంవత్సరాల తరబడి బ్రతకగలదు. సంచి కుట్టులో దాగిన నాలుగు పురుగులు ఒక దేశపు ధాన్యాగారాలకే చేటు తేగలవు.

మనకు తెలిసిన ఉదాహరణ

మన పొలం గట్లపై పెరిగే వయ్యారిభామ ఈ దేశపు మొక్క కాదు. అమెరికా ఖండం నుండి వచ్చిన ఈ కలుపును 1955లో పూనాలో గుర్తించారు. దిగుమతి గోధుమలతో వచ్చినదని పలువురి అభిప్రాయం. దాని వలన కలిగే చర్మపు దద్దుర్లు, ఉబ్బసం మన పల్లెలకు తెలిసినవే. ఇట్టి కష్టం తమకు రాకూడదనియే ఇతర దేశాలు జాగ్రత్త పడుతున్నవి.

ఆస్ట్రేలియా, అమెరికా నియమాలు

ఆస్ట్రేలియాలో 2015 నాటి జీవభద్రతా చట్టం అమలులో ఉన్నది. ఖాప్రా భయం వలన 2020 నుండి బియ్యం, శనగలు, పెసలు, కందులు, ధనియాలు, జీలకర్ర, ఎండుమిరప వంటివి ప్రయాణికుల సామానులో నిషిద్ధం. దినుసులను దాచి పట్టుబడితే జరిమానాయే గాక, 2019 నుండి సందర్శకుల వీసాను రద్దు చేసే అధికారమూ ఉన్నది. అప్పుడు ఆ తల్లి మనుమని ముఖం చూడకుండానే తిరిగి రావలసి రావచ్చును.

అమెరికాకు తాజా కరివేపాకు తీసుకొనిపోరాదు. కరివేప నిమ్మకుటుంబపు మొక్క. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే గ్రీనింగు తెగులును వ్యాపింపజేసే పురుగు దానిపై కూడా నివసిస్తుంది. ఈ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడి నారింజ తోటలకు తీవ్ర నష్టం కలిగించింది.

హస్తకళా వస్తువులు

పెంబర్తి ఇత్తడి వస్తువులతో ఈ చిక్కు లేదు. నిర్మల్, కొండపల్లి బొమ్మలు పొణికి కర్రతో చేసినవి. చేర్యాల నకాశీ బొమ్మలలో రంపపు పొట్టు, చింతగింజల జిగురు వాడుతారు. ఇవి మొక్కల నుండి వచ్చినవి కనుక చూపవలెను. సన్నని రంధ్రాలున్నా, పిండి రాలుతున్నా ఆ వస్తువును తీసుకొనిపోరాదు. రుద్రాక్ష, తులసి మాలలనూ చూపవలెను. గురివింద గింజల దండలు విషతుల్యం. వాటిని పంపనే వద్దు.

పాటించవలసిన విధులు

1. ఆ దేశపు వ్యవసాయ శాఖ నియమాలను పెట్టె సర్దక ముందే పిల్లల ద్వారా తెలుసుకొనవలెను.

2. శొంఠి, వాము, మిరియాలు అక్కడి భారతీయ దుకాణాలలో లభిస్తాయి. వాటిని మోసుకొనిపోవలసిన అవసరం లేదు.

3. తప్పనిసరి ఔషధాలను ముద్ర చెడని పొట్లంలో, దినుసుల పేర్లు ఆంగ్లంలో ఉన్న చీటీతో ఉంచవలెను. పొడి చేసినంత మాత్రాన నిషేధం తొలగిపోదు.

4. గడ్డి, ఊక, పాత గోనెసంచులు చుట్టి సర్దరాదు.

5. ప్రయాణికుల పత్రంలో మొక్కల ఉత్పత్తులు "ఉన్నవి" అని వ్రాయవలెను. సందేహమున్నా అట్లే వ్రాయవలెను. నిజం వ్రాసి చూపినవారికి, మహా అయితే వస్తువు పోవచ్చును. దాచినందుకు పడే శిక్ష ఉండదు.

6. తిరుగు ప్రయాణంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. విదేశీ విత్తనాలు, మొక్కలు తెచ్చుటకు మన దేశంలో 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు వర్తిస్తుంది. ముచ్చటపడి గింజలను కొంగున ముడివేసుకొని తేరాదు.